డిఫెండర్‌కు ఏది ముఖ్యం: దేహబలమా, ఆటను చదివే నేర్పా?

భిలాయ్: ఫుట్‌బాల్‌లో డిఫెండర్ అనగానే ఎత్తు, బరువు, వేగం గుర్తుకొస్తాయి. ఎంపిక పోటీల్లోనూ ముందుగా కంటికి కనిపించేవి అవే. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలైనా, మరెక్కడి పిల్లలైనా మైదానంలో అడుగుపెట్టగానే ఎదుర్కొనే తొలి కొలమానం దేహమే. అయితే ఆటను ముందుగా పసిగట్టే బుద్ధికి ఎంత విలువ ఇవ్వాలి?

అర సెకను విలువ

డిఫెండర్ పని బంతిని అడ్డుకోవడంతో ముగియదు. బంతి ఎక్కడికి వస్తుందో ఊహించడం, సహచరులతో వరుస తప్పకుండా నిలబడటం, ఎప్పుడు ముందుకు దూకాలో ఎప్పుడు ఆగాలో నిర్ణయించుకోవడం కూడా అతని బాధ్యతలే. సెకనుకు 7 మీటర్ల వేగంతో పరిగెత్తే ఆటగాడు అర సెకను ముందుగా కదిలితే 3.5 మీటర్లు కలిసివస్తాయి. అంత తేడాను కేవలం కాళ్ల వేగంతో పూడ్చడం కష్టం.

అలాగని దేహబలాన్ని తక్కువ చేయలేం. కార్నర్ కిక్‌లో గాలిలోకి లేచిన బంతి కోసం పోరాడే సెంటర్ బ్యాక్‌కు ఎత్తు, ఎగిరే శక్తి అవసరం. రక్షణ శ్రేణి మైదానం మధ్య వరకు ముందుకు జరిగితే వెనుక ఖాళీ పెరుగుతుంది. అప్పుడు అంచనా తప్పినా దిద్దుకోవడానికి వేగమే ఆధారం.

రహీం చూపిన దారి

ఈ చర్చలో హైదరాబాద్‌కు చెందిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం అనుభవం విలువైనది. డ్రిబ్లింగ్‌ను నిషేధించిన పోటీలు నిర్వహించి, ఆటగాళ్లు వేగంగా ఆలోచించి బంతిని అందించేలా ఆయన తర్ఫీదు ఇచ్చారు. ఆయన శిక్షణలోని భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. ఆ జట్టు రక్షణలో హైదరాబాద్ ఆటగాడు అజీజుద్దీన్ ఉన్నారు.

1962 జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో భారత్ దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆ తర్వాత, బలిష్ఠుడిగా పేరొందిన స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. సెమీఫైనల్, ఫైనల్‌లలో రహీం ఆయనను ఫార్వర్డ్‌గా ఆడించారు. స్టాపర్ బాధ్యతను అరుణ్ ఘోష్ స్వీకరించారు. జర్నైల్ రెండు మ్యాచ్‌లలోనూ గోల్ చేశారు. ఫైనల్‌లో అదే కొరియాను భారత్ 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. బలాన్ని ఎక్కడ వాడాలో తెలిసిన బుద్ధికి దక్కిన ఫలితమిది.

ప్రపంచ ఉదాహరణ

2006 ప్రపంచకప్‌లో ఇటలీ కెప్టెన్ ఫాబియో కన్నవారో ఎత్తు సుమారు 1.76 మీటర్లు. సెంటర్ బ్యాక్ స్థానానికి ఇది తక్కువే. అయినా ఏడు మ్యాచ్‌లలో ఇటలీ ఇచ్చిన గోల్స్ రెండే. వాటిలో ఒకటి సొంత ఆటగాడి పొరపాటుతో వచ్చిన సెల్ఫ్ గోల్, మరొకటి పెనాల్టీ. ఆ ఏడాది బాలన్ డి'ఓర్ పురస్కారం ఆయననే వరించింది. అయితే కన్నవారోకు ఎగిరే శక్తి, చురుకుదనం లోపించలేదు. ఎత్తులోని కొరతను ఆ శక్తి, సరైన సమయానికి కదిలే నేర్పు కలిసి తీర్చాయి.

పిల్లల ఎంపికలో జాగ్రత్త

బాలల స్థాయిలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం మరింత ఎక్కువ. ఒకే వయోవిభాగంలో కొందరు ముందుగా ఎదుగుతారు, కొందరు ఆలస్యంగా. ఎంపిక సంవత్సరం తొలి నెలల్లో పుట్టినవారికి జట్లలో ఎక్కువ చోటు దక్కుతున్నట్లు అనేక దేశాల్లో పరిశోధకులు గుర్తించారు. పదమూడేళ్లకే పొడవుగా ఉన్న బాలుడు బలంతో నెగ్గుతూ, ఆటను చదవడం నేర్వకపోవచ్చు. చిన్నగా ఉన్నవాడు తప్పనిసరిగా ఆ విద్య నేర్చినా, ఎంపికకు ముందే జాబితా నుంచి తొలగిపోవచ్చు.

కాబట్టి దేహబలం ఆటలోకి ప్రవేశానికి కావలసిన అర్హత. అది ఏ స్థానానికి ఎంత కావాలన్నది మారుతుంది. ఆ అర్హత దాటిన ఇద్దరు డిఫెండర్లలో మేలైనవాడెవరో తేల్చేది మాత్రం ఆటను చదివే నేర్పే. ఎత్తు వయసుతో రావచ్చు. ఆ నేర్పు మాత్రం ఆడే అవకాశం దొరికినవారికే అబ్బుతుంది.