పెరడు, జాడీ, సీసా - స్వావలంబన చరిత్రలో మూడు అధ్యాయాలు

ఉద్యోగ విరమణ తర్వాత పెరటిసాగు, ఇంట్లో కూరగాయలు నిల్వచేయడం నేర్చుకుంటున్న సోదర సోదరీ పెన్షనర్లు మన సంఘంలో పలువురున్నారు. ఇది ఉత్త కాలక్షేపమని కొందరంటారు. కాని దీని వెనుక యుద్ధాలు, కరవులు, ప్రభుత్వ ఉత్తర్వులు ఉన్నాయి. సమితి ఆఫీసు గుమాస్తాగా అటువంటి ఉత్తర్వులు కొన్ని నా బల్లమీదుగా వెళ్లాయి. అందుచేత ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తున్నాను.

1942 మార్చిలో రంగూన్ జపాన్ వశం కావడంతో బర్మా బియ్యం రాక ఆగిపోయింది. మరుసటి సంవత్సరం బెంగాల్ కరవులో లక్షలాదిమంది చనిపోయారు. ఆ రోజుల్లోనే ప్రభుత్వం ‘గ్రో మోర్ ఫుడ్’ ఉద్యమం చేపట్టింది. అమెరికాలో 1943 నాటికి సుమారు 2 కోట్ల ‘విక్టరీ గార్డెన్లు’ వెలిశాయని అంచనా. అక్కడి గృహిణులు పండినదాన్ని సీసాలకెత్తి చలికాలానికి దాచుకున్నారు. యుద్ధం ముగిసింది. దానితోపాటే ఆ తోటలూ చాలావరకు ముగిశాయి.

మన ఉద్యమాన్ని సమీక్షించిన వి.టి. కృష్ణమాచారి కమిటీ, పల్లె జీవితం మొత్తం బాగుపడితేగాని తిండి పంట పెరగదని 1952లో తేల్చింది. తత్ఫలితంగా 1953 అక్టోబరు 2న జాతీయ విస్తరణ సేవ మొదలై, గ్రామసేవకులు, గ్రామసేవికలు పల్లెలకు వచ్చారు. 1965లో శాస్త్రిగారు వారానికొక పూట భోజనం మానమని దేశాన్ని కోరి, తమ అధికార నివాసపు పచ్చికను దున్నించి పైరు వేయించారు. ఆ దశకంలోనే యునిసెఫ్ సహాయంతో అప్లయిడ్ న్యూట్రిషన్ ప్రోగ్రాం కింద బడితోటలు, పెరటితోటలు, కోళ్ల పెంపకం ప్రోత్సహించారు.

నేను ఉద్యోగంలో చేరేసరికి విత్తనాల పొట్లాల పంపిణీ సాగుతోంది. ఎన్ని పొట్లాలు వచ్చాయి, ఎన్ని పంచాము, ఎవరు సంతకం చేశారు - ఇవన్నీ రిజిస్టరులో ఎక్కించేవాళ్లం. ఎన్ని కాయలు కాశాయో రాసే గడి మాత్రం అందులో లేదు. పొట్లాలు రావడం ఆగినప్పుడు చాలా పెరళ్లు ఎండిపోయాయి. ఇంటి ఆడవారు సొంతంగా విత్తనం కట్టుకున్నచోటే పాదులు నిలిచాయి. ఈ చరిత్రలో నేను గ్రహించిన ముఖ్యాంశం ఇదే.

మా ఎడ్లపాడు చుట్టుపక్కలది నల్లరేగడి. ప్రత్తి, మిరప, పొగాకు డబ్బు తెచ్చే పైర్లు. వాటి ముందు బీరపాదు ఎవరికి కనబడుతుంది? 1987లో తెల్లదోమ పడి గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి రైతులు కుదేలయ్యారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పెరటి తోట అంతటి అప్పును తీర్చలేదు, నిజమే. అయితే పెరట్లో మునగచెట్టు, సొరపాదు, తోటకూర మడి ఉన్న ఇంట్లో కనీసం కూరకు అప్పు పుట్టించవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు మన మండలంలోని వంకాయలపాడులో స్పైసెస్ బోర్డు వారి పార్కు ఉంది. మంచిదే. కాని ఊరి పేరులో వంకాయ ఉంటే చాలదు, పెరట్లోనూ ఉండాలి.

ఇక నిల్వ సంగతి. దీనిని మనకెవరూ కొత్తగా నేర్పలేదు. వంకాయ వరుగులు, చల్లమిరపకాయలు, గుమ్మడి వడియాలు, గోంగూర పచ్చడి మన అమ్మమ్మల నాటివే. ఎండ తేమను తీసేస్తుంది. ఉప్పు నీటిని లాగుతుంది. పులుపు క్రిములను పెరగనీయదు. పైన తేలిన నూనె గాలి తగలనీయదు. జాడీకి వాసెన కట్టిన అమ్మమ్మకు సూక్ష్మజీవుల పేర్లు తెలియవు, వాటిని అదుపుచేసే ఉపాయం తెలుసు.

సీసా పద్ధతి ఫ్రాన్సుది. సైన్యానికి ఆహారం చెడకుండా అందించే ప్రయత్నాల కాలంలో నికొలాస్ అపెర్ అనే వంటవాడు ఆహారాన్ని సీసాల్లో బిరడా బిగించి, మరిగే నీటిలో ఉంచి నిల్వచేశాడు. 1810లో ఆ ప్రభుత్వం అతనికి 12,000 ఫ్రాంకులిచ్చింది. అది ఎందుకు పనిచేస్తుందో పాశ్చర్ వివరించడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. మన దేశంలో 1964లో ఏర్పడిన ఆహార, పోషకాహార మండలి యూనిట్లు గృహిణులకు పండ్లు, కూరగాయల నిల్వలో శిక్షణ ఇచ్చేవి.

ఇక్కడొక హెచ్చరిక. పులుపు లేని చిక్కుడు, బెండ వంటివాటిని సీసాలో మూసి నీటిలో మరిగిస్తే చాలదు. గాలి లేనిచోట పెరిగే బోటులినం అనే క్రిమిని 1897లో వాన్ ఎర్మెంగెమ్ గుర్తించాడు. దాని బీజాలు మరిగే నీటికి చావవు. దాని విషం ప్రాణాంతకం, రుచికీ వాసనకూ తెలియకపోవచ్చు. అందుకు ప్రత్యేకమైన ప్రెషర్ క్యానర్ కావాలి, వంటింటి కుక్కరు పనికిరాదు. టమోటాకైనా అర లీటరు సీసాకు పావు టీస్పూను నిమ్మఉప్పు వేసి తీరాలి. చిక్కుడుకు మన వరుగే క్షేమం.

సభ్యులకు నా మనవి ఇది. విత్తనం కొనడంతో ఆగక కట్టుకోండి. ఆషాఢంలో నాటిన చిక్కుడు సంక్రాంతికి కాపుమీదుంటుంది. స్నానాల నీళ్లు అరటికి మళ్లించండి. ఇంట్లో పెద్దావిడ చేతి కొలతలు - ఎన్ని గోంగూర కట్టలకు ఎంత ఉప్పు, ఎంత చింతపండు - ఇప్పుడే ఒక నోటుపుస్తకంలో రాయించండి. వంశపారంపర్యంగా వచ్చే ఈ ఆస్తికి రిజిస్ట్రేషను ఖర్చు లేదు, కాని ఆ పెద్దావిడ పోతే నకలు దొరికే ఆఫీసు కూడా లేదు.