విద్యాధనము – విక్రయము

మన బెంగళూరు తెలుగు కుటుంబములలో టాటా ఇన్‌స్టిట్యూటునందు పరిశోధన చేసిన బిడ్డలు కలరు. వారి వ్యాసము లచ్చగు పత్రికల వెనుక నొక విచిత్రచరిత్ర కలదు.

రోమునందు శిక్ష పొందిన గెలీలియో చివరి మహాగ్రంథమును 1638లో హాలెండునందలి లైడెన్ నగరమున ఎల్జెవీర్ వంశీయులు అచ్చొత్తిరి. వారి ముద్రణాలయము 1712లో మూతపడెను. 1880లో రాటర్‌డామున వెలసిన ఎల్సెవియర్ సంస్థకు ఆ వంశముతో సంబంధము లేదు. పేరును మాత్రము గ్రహించెను. 1991లో పెర్గమాన్ ప్రెస్సును కొని, శాస్త్రప్రచురణలో అగ్రగణ్యమయ్యెను.

పండితుడు వ్యాసమును ప్రతిఫలము లేక యిచ్చును. మరియొక పండితుడు దానిని వేతనము లేకయే పరిశీలించును. గ్రంథాలయము మాత్రము దానినే అధికమూల్యమునకు కొనవలెను! ఔషధసంస్థల ధనముతో కొన్నింటిని శాస్త్రపత్రికల వేషమున వెలువరించితిమని ఈ సంస్థయే 2009లో ఒప్పుకొనెను. 2012లో గణితవేత్త టిమొతీ గవర్స్ దాని పత్రికలకు వ్రాయనని ప్రకటింపగా, వేలకొలది విద్వాంసులు ఆయన ననుసరించిరి.

మన నగరమున వేరొక మార్గము కలదు. సర్ సి. వి. రామన్ 1934లో ఇచట స్థాపించిన భారత విజ్ఞాన అకాడమి తన పత్రికలను తానే నడపుచు వచ్చెను. 2007 నుండి విదేశవితరణకు స్ప్రింగర్ సంస్థతో చేయి కలిపినను, తన వెబ్‌సైటునందు వ్యాసములను ఉచితముగనే చదువనిచ్చుచున్నది.

2024 నవంబరులో కేంద్రప్రభుత్వము ఎల్సెవియర్ మున్నగు 30 ప్రచురణసంస్థల పత్రికలను విద్యాసంస్థలకు సమకూర్చుటకై మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. బిడ్డలకు పత్రికలు లభించుట సంతోషమే. కాని వారు వ్రాసినదానినే వారి తల్లిదండ్రుల పన్నుతో మరల కొనుచున్నాము. పంచినకొలది పెరుగునది విద్య యని మన పెద్దల మాట. దానికి తాళము వేయు హక్కెవరిదో మనము విచారింపవలదా?