బస్సుగారి పుట్టిల్లు

మొన్న నంద్యాల నుంచి బెలుం గుహలకు బస్సులో కుదుపులు తింటూ వెళ్తుంటే, మన ఆర్టీసీ పుట్టిల్లు గుర్తొచ్చింది. 1932 జూన్‌లో నిజాం రైల్వేవారు 27 ఆల్బియన్ బస్సులతో ఆ సంసారం మొదలెట్టారు. నంబరు పలకల మీది 'జెడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరిట పెట్టిందేనంటారు. కొడుకంటే అలా ఉండాలి!

ఆల్బియన్‌ది స్కాట్లండు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి మూడు టన్నుల లారీలు వేలకొద్దీ చేసిచ్చిన కంపెనీ. ఆ లారీల వెనక చక్రాల్ని, మన సైకిలుకు మల్లే, గొలుసే తిప్పేదట!

ఆనాటి ఆల్బియన్లలో 'డెక్కన్ క్వీన్'ని పాత ఇనుము కింద తూకానికి వెయ్యకుండా హైదరాబాదు బస్‌భవన్‌లో భద్రపరిచారు. ఎవరు అడ్డుపడ్డారో గాని, చల్లగా ఉండాలి.

ఇంటికి రాగానే, స్టీలు గిన్నెలకు మారుద్దామని మూలన పడేసిన అమ్మమ్మ ఇత్తడి గంగాళాన్ని చింతపండేసి తోమాను.