ఆడ మగ వరి: ఒక పేరు వెనుక కథ

రామగుండం, గోదావరిఖని బొగ్గు బావులు దాటి పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు వస్తే యాసంగిలో వినిపించే మాట ‘ఆడ మగ వరి’. హైబ్రిడ్ వరి విత్తనం పండించడాన్ని ఉమ్మడి కరీంనగర్ రైతులు ఇలా పిలుచుకుంటారు. శాస్త్ర గ్రంథాల్లో ఇదే ఏ లైన్, బి లైన్, ఆర్ లైన్ల వ్యవహారం.

వరి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అందుకే వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. రెండు రకాలను సంకరం చేయాలంటే ఒకదాని పుప్పొడి పనికిరానిదై ఉండాలి. అలాంటి అడవి వరి మొక్క 1970లో చైనాలోని హైనాన్ దీవిలో వరి శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి దొరికింది. ఆ లోపం కణద్రవ్యం ద్వారా తల్లి నుంచే పిల్లకు వస్తుంది. దాన్ని పురుష వంధ్యత్వం అంటారు. ఆ గుణమున్నది ఏ లైన్, రైతుకు ‘ఆడ’. వంధ్యత్వాన్ని సరిదిద్ది సంకర మొక్కలో గింజ కట్టించే జన్యువులున్నది ఆర్ లైన్, అదే ‘మగ’. ఏ లైన్ వంశాన్ని నిలపడానికి పనికొచ్చే బి లైన్‌కు ఈ జంట పేరులో చోటు లేదు.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 1989లో హైబ్రిడ్ వరి పథకం మొదలుపెట్టింది. 1994లో మారుటేరు పరిశోధన కేంద్రం నుంచి ఏపీహెచ్‌ఆర్-1, ఏపీహెచ్‌ఆర్-2 అనే హైబ్రిడ్ వరి రకాలు వచ్చాయి. తర్వాత విత్తన కంపెనీలు కరీంనగర్, వరంగల్ పల్లెలను ఎంచుకున్నాయి. ఇక్కడ యాసంగి వాతావరణం పొడిగా ఉంటుంది, శ్రీరామసాగర్ కాకతీయ కాలువ నీరుంది, ఓపికగా పనిచేసే చేతులున్నాయి.

ఆ ఓపిక పూత వేళ కనిపిస్తుంది. ఆడ, మగ ఒకేసారి పూయాలని మగ నారును విడతలుగా పోస్తారు. రెండు సాళ్లు మగ, ఆరో ఎనిమిదో సాళ్లు ఆడ నాటుతారు. ఆడ కంకి పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు కనుక జిబ్బరెల్లిక్ ఆమ్లం పిచికారీ చేస్తారు. పొద్దెక్కి పూలు విచ్చుకోగానే ఇద్దరు చెరో గట్టున నిలబడి, తాడు పట్టుకుని మగ సాళ్ల మీదుగా లాగుతారు. సన్నని పుప్పొడి లేచి ఆడ కంకుల మీద పడుతుంది. దాని ప్రాణం కొన్ని నిమిషాలే. అందుకే పూతకాలమంతా రోజుకు మూడు నాలుగు సార్లు లాగాల్సిందే. ఆ రోజుల్లో వాన పడితే గింజ తగ్గి, మిగిలేది తాలు. కోతలో ముందు మగను కోసి పక్కన పెడతారు. దాని గింజ ఆడ గింజలో కలిస్తే విత్తనం కల్తీ అయినట్టే.

నిజానికి ‘ఆడ’ అన్నది ఆడ మొక్క కాదు, పుప్పొడి చచ్చిన మొక్క. అయినా ఏ, ఆర్ అనే అక్షరాలు చెప్పలేని పనిని ఈ మాటలు చెబుతాయి. ఏ సాలు మీద తాడు లాగాలో, ఏది ముందు కోయాలో పేరులోనే ఉంది.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఇంకో గందరగోళం మొదలైంది. బీటీలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బ్యాక్టీరియా జన్యువును చేర్చారు. అది జన్యుమార్పిడి. ఆడ మగ వరిలో బయటి జన్యువు లేదు, జరిగేది వరికీ వరికీ సంకరమే. మన దేశంలో బీటీ పత్తి ఎక్కువగా హైబ్రిడ్ విత్తనంగానే రావడంతో హైబ్రిడ్, బీటీ అనే రెండు మాటలూ కలిసిపోయాయి. రైతు పండిన గింజను మళ్లీ విత్తనంగా దాచుకోలేకపోవడానికి కారణం బీటీ కాదు, హైబ్రిడ్ గుణమే. మరుసటి తరంలో లక్షణాలు చీలిపోయి పైరు ఎగుడుదిగుడుగా వస్తుంది.