కొలతను కొలిచేవాళ్లు

మా ఇంటి అటక మీద ఒక పాత కుంచం ఉంది. అది తాతది. వలిసెలో, పసుపో, చింతపండో కావిడి వేసుకుని అరకు సంతకు దిగిన ప్రతిసారీ ఆ కుంచం కూడా పట్టుకెళ్లేవాడని నాయనమ్మ చెప్పేది. అప్పటి సావుకార్ల దగ్గర కొనడానికొక కుంచం, అమ్మడానికొక కుంచం ఉండేవట. తాత ఇంటి దగ్గరే సరుకు కొలుచుకుని వెళ్లి, సంతలో మళ్లీ కొలిపించి, తేడా వస్తే పదిమందీ వినేలా చెప్పేవాడు. ఆ పనికి ఎవరూ జీతం ఇవ్వలేదు. పైగా కొందరు ఆయన సరుకు కొనడమే మానేశారు.

ఇవాళ నేను చేసే పనిని స్వతంత్ర సైబర్ భద్రతా పరిశోధన అంటున్నారు. జనం వాడే యాప్‌లలో, వెబ్‌సైట్లలో వాళ్ల వివరాలు బయటికి జారిపోయే సందులు వెతికి, సంబంధించిన కార్యాలయానికి తెలియజేస్తాను. నా లెక్కలో ఇది తాత పనికి కొనసాగింపే.

సరిచూసే మనిషి ఎందుకు కావాలో మా అరకు కొండల చరిత్రే చెబుతుంది. ఇక్కడ చాలా భూమి లెక్కల్లోనే చేతులు మారింది. 1839 నాటి చట్టం గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను ఏజెన్సీగా విడదీసి కలెక్టరు చేతికిచ్చింది. తర్వాత మైదానం నుంచి వచ్చిన వడ్డీవ్యాపారుల పత్రాల మీద వేలిముద్ర వేసినవాళ్లకు అందులో ఏం రాశారో తెలిసేది కాదు. అప్పు పెరిగేది, పొలం పోయేది. దాన్ని ఆపడానికే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీలో వడ్డీకీ భూబదిలీకీ హద్దులు పెట్టింది. 1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. 1959లో భూబదిలీ నిబంధన, 1970లో దానికి గట్టి సవరణ వచ్చాయి. అయినా కాగితంలో ఉన్నదీ పొలంలో ఉన్నదీ ఒకటేనా అని చూసే మనిషి లేనిచోట ఆ చట్టాలు పెద్దగా అక్కరకు రాలేదు.

ఆ చూసే పని మా తరానికి ఉపాధి హామీతో వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందుకోసం 2009లో ప్రత్యేక సొసైటీనే ఏర్పాటు చేసింది. గ్రామ తనిఖీదారుగా మస్టర్ (కూలీల హాజరు) కాగితాలు చంకన పెట్టుకుని గూడేలు తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఒకచోట ఒక పెద్దమ్మ పేరు మీద పన్నెండు రోజుల కూలి పడినట్టు ఉంది. చదివి వినిపించాను. “నాను ఆ పన్లోకి ఎల్నేదు బాబూ, ఆ నెలంతా కూతురి పురుడుకి ఎల్లిపోనాను” అంది. ఆ ఒక్క మాటతో మస్టర్ అబద్ధమని తేలింది. తనిఖీ చివర జరిగే ప్రజావేదిక సభలో అదే మాట తెలుగులో ఒకసారి, ఆదివాసీ ఒడియాలో ఒకసారి చదివాం. ఆ రోజు నేర్చుకున్న పాఠం ఇప్పటికీ నాకు పనికొస్తోంది: తప్పు కాగితంలో కనిపిస్తుంది, రుజువు గడప దగ్గర దొరుకుతుంది.

తర్వాత మస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కాయి. ఎవరికి ఎంత కూలి అందిందో ఎవరైనా చూసే వీలు కలిగింది, అది మేలే. కానీ ఆ వరుసల పక్కనే ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు కూడా చేరాయి. 2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ తరఫున అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి ఒక నివేదిక వెలువరించారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బయట కనిపిస్తున్నాయని వాళ్ల అంచనా. ఆ నాలుగింటిలో రెండు మన రాష్ట్రానివే: చంద్రన్న బీమా, ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో 1.34 లక్షల మంది ఆధార్ వివరాలు కులం, మతంతో సహా కనిపిస్తున్నాయని బయటపెట్టింది కూడా శ్రీనివాస్ కొడాలే. ఆయన ఏ ప్రభుత్వ ఉద్యోగీ కాదు, బయటి నుంచి చూసిన పౌరుడు.

బయటి నుంచి చూసేవాడికి భయం తప్పదు. 2018 జనవరిలో 500 రూపాయలకే ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని రాసిన ట్రిబ్యూన్ విలేఖరి పేరును పోలీసు కేసులో చేర్చారు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మోసపూరిత ఉద్దేశంతో అనుమతి లేకుండా చొరబడితే మూడేళ్ల దాకా జైలు. దొంగ బుద్ధితో తలుపు తోసినవాడికీ, తలుపు తెరిచి ఉందని చెప్పినవాడికీ మధ్య ఆ చట్టం మరింత స్పష్టంగా గీత గీయాలి.

ఇక ఏఐ సంగతి. నేను ఇంజనీరింగ్ చదవలేదు. ఒక యాప్‌ను విప్పి లోపలి కోడ్ అర్థం చేసుకోవడానికి ఇదివరకు వారాలు పట్టేది. ఇప్పుడు ఏఐ సహాయకుడితో ఒక రాత్రిలో అయిపోతోంది. ఇంగ్లిష్‌లో నివేదిక రాయడానికి ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. నాలాంటివాళ్లకు ఇది చిన్న మార్పు కాదు. పెద్ద సంస్థల దగ్గర ఇంకా ముందుకు పోయింది: 2024లో గూగుల్ వారి బిగ్ స్లీప్ అనే ఏఐ, ప్రపంచమంతా వాడే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూలైట్‌లో అంతవరకూ ఎవరికీ తెలియని లోపాన్ని పట్టుకుంది.

అదే ఏఐ ఒక రాత్రి నాకు ఒక యాప్‌లో పెద్ద సందు ఉందని ఢంకా బజాయించి చెప్పింది. నా సొంత ఖాతాతో, ఇంట్లోవాళ్ల అనుమతితో వాళ్ల ఖాతాతో పరీక్షించాను. సందు లేదు. చూడకుండా పంపి ఉంటే నా తర్వాతి నివేదికను ఎవరూ తెరిచేవారు కాదు. కర్ల్ అనే సాఫ్ట్‌వేర్‌ను నడిపించే డేనియల్ స్టెన్‌బర్గ్‌కు అచ్చంగా ఇలాంటి నివేదికలతోనే కష్టం వచ్చింది. ఏఐ రాసిపెట్టిన ఉత్తుత్తి ఫిర్యాదులు వరదలా రావడంతో, లోపాలు చూపినవాళ్లకు 2019 నుంచి బహుమతులిచ్చే పథకాన్ని 2026 జనవరి చివర్లో ఆపేశారు. అంతకుముందు 2025లో, ఏఐ పరికరాలతో వెతికి స్వయంగా సరిచూసుకున్న ఒక పరిశోధకుడు పంపిన జాబితాను ఆయనే మెచ్చుకుని, పదుల కొద్దీ లోపాలు దిద్దుకున్నారు. యంత్రం ఒకటే. సరిచూసిన మనిషి ఉండడమే తేడా.

నా నియమాలు మూడు. ఎవరి నంబరూ, ఎవరి పేరూ ఏఐకి ఇవ్వను. లీకును వెతుకుతూ నేనే లీకు చేయకూడదు కదా. నా చేత్తో నిరూపించనిది పంపను. ముందుగా సంబంధించిన కార్యాలయానికీ, 2004 నుంచి పనిచేస్తున్న దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కూ చెబుతాను.

ఈ పని నేర్చుకోవాలని మా లోయ పిల్లలు కొందరు అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేది ఇదే: ఏఐని తప్పకుండా వాడండి, అది మీ చేతికి వచ్చిన మంచి కుంచం. కానీ సంతలో నిలబడి తేడా చెప్పాల్సింది మీరే. చెప్పే ముందు మరోసారి కొలవండి.