ఉబ్బిన డబ్బా, మారని చట్టం

పట్టాభిరామ్ అంగట్లో పళ్ళ డబ్బా ఉబ్బి కనిపిస్తే అనుమానించాలి; లోపల సూక్ష్మజీవులు వాయువు పుట్టించి ఉండవచ్చు.

ఆహార కల్తీపై మద్రాసు ప్రభుత్వం 1918లోనే చట్టం చేసింది. 1954 నాటి కేంద్ర చట్టం 1955 జూన్ 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కుళ్ళిన సరుకూ కల్తీ సరుకే అయ్యేది. తనిఖీ అధికారి దాన్ని స్వాధీనం చేసుకునే వీలుండేది. అయితే పరీక్షకు తీసిన నమూనాను మూడు భాగాలు చేసి సీలు వేయాల్సి ఉండేది. ఒక పరీక్షపై వివాదం వస్తే మరో భాగం సాక్ష్యంగా ఉండేది. అది తినేవారికీ, అమ్మేవారికీ రక్షగా ఉండేది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. రాష్ట్రం మారినా ఈ చట్టం మారలేదు. 2011 ఆగస్టులో కొత్త ఆహార భద్రతా చట్టం అమలయ్యాక నమూనా నాలుగు భాగాలైంది.

చౌకగా ఇచ్చినా ఉబ్బిన డబ్బా వద్దనండి.