పోయినవాళ్ల జాడ ఏ రిజిస్టర్లో?

చైతన్యపురిలో మూసీ ఒడ్డున, కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం ఉంది. విష్ణుకుండినుల కాలం నాటిది. గోవిందరాజ విహారం పేరు అందులో కనిపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్సుల రొదకు దగ్గరలోనే పదిహేను వందల ఏళ్ల నాటి బౌద్ధ విహారం ఊసు ఇప్పటికీ చదువుకోవచ్చు. అదే నేల మీద డెబ్బై ఏళ్ల కిందట కన్నుమూసిన రైతు భార్య ఏ రోజున పోయిందో చెప్పే కాగితం మాత్రం చాలా ఇళ్లలో దొరకదు. మన దగ్గర దానం, భూమి, శిస్తు ముందుగా రాతకెక్కాయి. చావు ఎంతో ఆలస్యంగా ఎక్కింది, అదీ సర్కారుకో ఆస్తికో అవసరమైన మేరకే.

ఇంటికి కావలసింది తిథి. తద్దినానికి మాసం, పక్షం, తిథి తెలిస్తే చాలు, సంవత్సరంతో పనిలేదు. తాత పోయిన తిథి తడుముకోకుండా చెప్పేవాళ్లు కూడా ఏ ఏడాదో అడిగితే ఆలోచనలో పడతారు. తిథి కూడా గుర్తుంచుకోని ఇళ్లలో పెత్తరమాస నాడు పెద్దలందరి పేరా ఒక్కసారే బియ్యం ఇచ్చేస్తారు. తేదీ లేకపోయినంత మాత్రాన తలచుకోవడం ఆగలేదు. కానీ వంశం వెతుక్కునేవాళ్లకు అక్కడే దారి మూసుకుపోతుంది.

నిజాం కాలంలో హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న పల్లెలు చాలావరకు ఆయన సొంత ఆదాయానికి కేటాయించిన సర్ఫెఖాస్ భూములు. వాటిని అత్రాఫ్ బల్దా జిల్లాగా పిలిచేవారు. ఊళ్లో మాలీ పటేల్ శిస్తు చూసేవాడు, పట్వారీ భూమి లెక్కలు రాసేవాడు, పోలీస్ పటేల్ నేరాల సమాచారంతోపాటు పుట్టుకలు, చావులు నమోదు చేసేవాడు. ఆంధ్ర ప్రాంతంలో ఈ పనికి 1899 నాటి మద్రాసు చట్టం ఆధారం. అక్కడ గ్రామ మున్సబు రిజిస్టరు నడిపేవాడు. ఎవరి చావు కబురు పటేల్ గడప దాకా వెళ్తుంది, ఎవరిది వాడలోనే ఆగిపోతుంది అన్నది ఊరి పెత్తనాన్ని బట్టే ఉండేది. పసిబిడ్డలు, ఆడవాళ్లు, కూలీలు ఆ పుస్తకాల్లో తక్కువగా కనిపించడానికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు.

దేశమంతటికీ ఒకే పద్ధతి తెచ్చింది 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం. 1970 ఏప్రిల్ 1 నుంచి చాలా రాష్ట్రాల్లో అమల్లోకి వచ్చింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేయడంతో ఊరి రిజిస్టర్లు చేతులు మారాయి. ఎల్బీ నగర్ వైపు ఈ చేతులు మారడం మరీ ఎక్కువ. 1978లో ఈ ప్రాంతం కొత్తగా ఏర్పడ్డ రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లింది, 1985లో మండలాలు వచ్చాయి. పంచాయతీలుగా ఉన్న ఊళ్లు ఎల్బీ నగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీల్లో కలిశాయి. 2007 ఏప్రిల్‌లో ఆ మున్సిపాలిటీలు రెండూ జీహెచ్‌ఎంసీలో కలిసిపోయాయి. కాబట్టి కర్మన్‌ఘాట్‌లో 1960లో జరిగిన చావును, 1995లో జరిగిన చావును, 2010లో జరిగిన చావును ఒకే బల్ల దగ్గర అడిగితే సమాధానం రాదు. ఆ ఏట ఆ ఊరు ఎవరి కింద ఉందో ముందు తేల్చుకోవాలి.

అంతకన్నా ఎక్కువ మందిని తిప్పలు పెట్టే నియమం ఇంకొకటి ఉంది. చావు నమోదయ్యేది మనిషి బతికిన చోట కాదు, ప్రాణం పోయిన చోట. విజయవాడ, నాగార్జునసాగర్ రోడ్ల మీద నల్గొండ, సూర్యాపేట, దేవరకొండల నుంచి వచ్చే అంబులెన్సులకు ముందుగా తగిలే పెద్దాసుపత్రులు ఎల్బీ నగర్‌వే. అక్కడ పోయిన మనిషికి దహనం సొంతూళ్లో, పెద్దకర్మ సొంతూళ్లో, రికార్డు మాత్రం ఎల్బీ నగర్ సర్కిల్లో. కొన్నేళ్ల తర్వాత మనవడు పంచాయతీ కార్యదర్శిని అడుగుతాడు. పుస్తకంలో పేరుండదు. వనస్థలిపురంలో నలభై ఏళ్లు ఉండి ఉస్మానియా ఆసుపత్రిలో పోయినవాళ్ల సంగతీ ఇంతే. పేరుకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ‘ఎక్కడ పోయాడు’ అన్నదే. రోడ్డు ప్రమాదమైతే పోలీసుల ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా కూడా సాక్ష్యాలే.

చావు కబురు రిజిస్ట్రారుకు 21 రోజుల్లో ఇవ్వాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన సవరణ ఈ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటులకు, జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన కార్యనిర్వాహక మేజిస్ట్రేటులకు ఇచ్చింది. రిజిస్టరు వెతికించి నకలు తీసుకునే వీలు ఎవరికైనా ఉంది. అయితే మరణ కారణం మాత్రం ఆ నకలులో ఉండకూడదని చట్టమే చెప్పింది. చనిపోయినవారి పరువును కాపాడే ఈ నిబంధన నాకు ఎంతో మానవీయంగా అనిపిస్తుంది.

రిజిస్టరు దొరకనప్పుడు నేను ముందు చూడమనేది పహాణీ. పట్టాదారు పేరు ఏ ఏట మారి కొడుకుల పేర్లు ఎక్కాయో చూస్తే చావు అంతకు ముందే జరిగిందని తెలుస్తుంది. విరాసత్, అంటే వారసుల పేరు మార్పిడి, ఆలస్యమైన చోట చనిపోయినవాళ్లు పదేళ్లు, ఇరవై ఏళ్లు పట్టాదారులుగానే మిగిలిపోతారు, అది గుర్తుంచుకోవాలి. భూమి లేనివాళ్ల సంగతి పహాణీ చెప్పదు.

ఇక పత్రికలు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టిన నాటికి పత్రికలో చావు వార్త అంటే పేరున్నవాళ్లదే. మామూలు రైతు, బడిపంతులు, సర్పంచి తల్లి పోయిన వార్తకు చోటు దొరికింది 1989లో ‘ఈనాడు’ జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాకే. దశదిన కర్మ ప్రకటనలు, ఫొటోతో శ్రద్ధాంజలులు ఆ పేజీల్లోనే పెరిగాయి. నాకు అవి సర్టిఫికెట్టు కన్నా విలువైనవి. కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు, ఊరు, అన్నీ ఒక్క చిన్న పెట్టెలో ఉంటాయి. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికలు చూడొచ్చు. ఇప్పుడు ఆ ప్రకటనల చోటును కూడళ్లలో ఫ్లెక్సీలు ఆక్రమించాయి. కర్మ ముగిశాక అవి దిగిపోతాయి, ఏ గ్రంథాలయానికీ చేరవు.

తహసీల్ కార్యాలయాల బీరువాల్లో పటేళ్ల రిజిస్టర్లు ఎన్ని మిగిలి ఉన్నా, వాటిని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేర్చి స్కాన్ చేయించాలి. వాటిలోని ఉర్దూ రాత చదవగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ పని వాళ్లతోనే మొదలుపెట్టాలి.